అమ్మమ్మ ట్రంకు పెట్టెలో ఎర్ర రుమాలు: కండువానా, తలగుడ్డా, లుంగీనా?

వేటపాలెం_వాణి | శనివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. చేనేత సంగతులు తెలిసినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారని స్నేహితురాలు చెబితే చేరాను. మా అమ్మమ్మ వాళ్లది వేటపాలెం. పాత ఇల్లు ఖాళీ చేస్తూ ట్రంకు పెట్టె తెరిచాం. అడుగున, ఆవిడ పెళ్లి చీర కింద, నలుచదరపు గుడ్డ ఒకటి మడత పెట్టి ఉంది.

ఒక్కో వైపు గజం కంటే కాస్త ఎక్కువ. చుట్టూ ముదురు ఎరుపు అంచు, వెడల్పుగా, ఏ బొమ్మా లేకుండా. లోపల గళ్లు. గళ్లలో నలుపు, తెలుపు, ఎరుపు తప్ప ఇంకో రంగు లేదు. కొన్నిట్లో పువ్వులు, కొన్నిట్లో నక్షత్రాలు, నాలుగు మూలల గళ్లలో మాత్రం గడియారాలు! ముళ్లతో సహా. బొమ్మల అంచులు తడి తగిలినట్టు కొంచెం చెదిరినట్టుంటాయి. అద్దకమేమో అనుకుని తిరగేసి చూశాను. వెనకా ముందూ ఒకేలా ఉంది.

ముక్కు దగ్గర పెట్టుకుంటే పాత నూనె వాసన. దీపపు కుంది అడుగున మిగిలిపోయిన నూనె ఉంటుంది చూడండి, అలాంటిది. ఇన్నేళ్ల తర్వాత కూడా.

అమ్మమ్మకి 86 ఏళ్లు. "ఆసియా రుమాలు, మీ తాతయ్య నేసింది" అంది. ఆ తర్వాత ఎంత అడిగినా నవ్వి ఊరుకుంది. అమ్మేమో "వాసనొస్తోంది, ముందు ఉతికి పెట్టు" అంటోంది. అసలు ఇదేమిటి? దేనికి వాడేవారు? ఉతకొచ్చా?

---

మంగళగిరి_మాధవి | రాత్రి 9:20

ఉతకొద్దు!! సర్ఫు గానీ, మెషీను గానీ దాని దగ్గరికి రానివ్వకండి. చదవగానే నాకు టెన్షన్ వచ్చేసింది.

అది తేలియా రుమాలు. హిందుస్తానీలో తేల్ అంటే నూనె. రుమాలు పారశీక మాట, ముఖం తుడుచుకునే గుడ్డ అని అర్థం. పేరు చేతిరుమాలుదే అయినా వాడకం వేరు. తలకు చుట్టుకునేవారు, భుజాన వేసుకునేవారు, రెండు కలిపి కుట్టి లుంగీగా కట్టుకునేవారు. చీరాల, వేటపాలెం చుట్టుపక్కల నేసి ఓడల మీద పంపేవారు. మీ తాతగారు నేసింది మీ ఇంట్లోనే ఉండిపోవడం మీ అదృష్టం.

---

పుట్టపాక_పోగు | రాత్రి 10:05

అక్కా, మాది పుట్టపాక, యాదాద్రి భువనగిరి జిల్లా. మా ఇంట్లో ఇప్పటికీ తేలియా నేస్తాం. గడియారం అని చదవగానే లేచి కూర్చున్నా. పాత చీరాల రుమాళ్లలో పువ్వులు, రేఖల తర్వాత సింహాలు, ఏనుగులు, పక్షులు వచ్చాయి, ఆ తర్వాత విమానాలు, గడియారాలు వచ్చాయి. ఊళ్లోకి ఏ వింత వస్తువు వస్తే దాన్ని మగ్గం మీదికి ఎక్కించారు మన పెద్దలు. గడియారం ఉన్న రుమాలు నేను బొమ్మల్లో చూశానే గానీ చేత్తో ముట్టుకోలేదు.

ఎలా చేస్తామో చెబుతాను, ఆ వాసన ఎక్కడిదో మీకే తెలుస్తుంది.

ఎండిన ఆముదపు కాయల తొక్కలు కాల్చి బూడిద చేస్తాం. దాన్ని నీళ్లలో కలిపి వదిలేస్తే పైకి తేట తేరుతుంది. ఆ తేటను నూనెలో పోసి కలిపితే రెండూ కలిసి పాలలా తెల్లగా అవుతాయి. ఆ పాలలో నూలు చిలపలు (పోగుల కట్టలు) ముంచి పిసకాలి. పిండి ఎండలో ఆరేయాలి. మళ్లీ ముంచాలి, మళ్లీ పిసకాలి, మళ్లీ ఆరేయాలి. రెండు వారాలకు పైగా రోజూ ఇదే పని. చివరికి నూలు మెత్తగా, కొంచెం పసుపు తిరిగి, చేతికి జారుతున్నట్టు వస్తుంది. అప్పుడు గానీ రంగుకు సిద్ధం కాదు.

తర్వాత చిటికీ కట్టడం. తెల్లగా ఉండాల్సిన చోటల్లా నూలును బిగించి కట్టి ఎరుపులో ముంచుతాం. ఎరుపు మిగలాల్సిన చోట మళ్లీ కట్టి నలుపులో ముంచుతాం. ఇది పడుగుకూ (నిలువు పోగులు) చేయాలి, పేకకూ (అడ్డం పోగులు) చేయాలి. మగ్గం మీద పడుగులోని తెలుపు మీదికి పేకలోని తెలుపు సరిగ్గా వచ్చి కూర్చుంటేనే బొమ్మ. ఒక్క పోగు అటూ ఇటూ అయినా కంటికి తెలిసిపోతుంది. మీరు చెప్పిన ఆ చెదిరినట్టుండే అంచు తప్పు కాదు. ఇలా నూలుకు ముందే కట్టి రంగేసి నేసేదాన్ని ఇక్కత్ అంటారు, దాని గుర్తే అది.

పేకకు కట్టే ముందు ఆసు పోయాలి. అది ఇంట్లో ఆడవాళ్ల పని. మేకుల చుట్టూ పోగును తిప్పుతూ ఒక్క చీరకే దాదాపు 9,000 సార్లు చేయి ఆడించాలి. మా అమ్మ భుజం అలాగే పోయింది. ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం గారు వాళ్లమ్మ నొప్పి చూడలేక లక్ష్మీ ఆసు యంత్రం చేశారు. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. మా ఇంట్లోకి ఆ యంత్రం వచ్చిన రోజు అమ్మ చాలాసేపు దాని పక్కనే కూర్చుంది.

---

చెన్నపట్నం_చంద్ర | రాత్రి 10:31

ఇదే కదా మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్ అని ఆఫ్రికాకు వెళ్లేది? మా నాన్నగారు పోర్టు ట్రస్టులో పని చేసేటప్పుడు ఆ బేళ్ల గురించి చెప్పేవారు.

---

పుట్టపాక_పోగు | రాత్రి 10:38

కాదన్నా, రెండూ వేరు. అవి గళ్ల గుడ్డలు. నూలుకు ముందే వేర్వేరు రంగులేసి పడుగు, పేకల్లో చారలుగా పెట్టి నేస్తారు. చిటికీ ఉండదు. అవీ చీరాల చుట్టుపక్కల నేశారు, ఓడలు కూడా ఎక్కాయి, అందుకే చాలామంది కలిపేస్తారు.

---

హార్కోర్ట్_కిరణ్ | రాత్రి 11:15

చంద్ర గారు, ఆ రెండో గుడ్డ సంగతి నేను చెప్తాను. నైజీరియాలో పోర్ట్ హార్కోర్ట్‌లో ఆరేళ్లు పని చేశాను. అక్కడ నైజర్ డెల్టాలో కలబరి అనే జాతి వాళ్లున్నారు. మన గళ్ల గుడ్డను వాళ్లు ఇంజిరి అంటారు. బిడ్డ పుట్టినా, మనిషి పోయినా ఆ గుడ్డ ఉండాల్సిందే. పెద్దవాళ్లు పోతే పడుకోబెట్టిన గదిని ఇంట్లో దాచుకున్న గుడ్డలతో అలంకరిస్తారు.

నన్ను కట్టిపడేసింది ఇంకొకటి. వాళ్ల ఆడవాళ్లు ఆ గళ్ల గుడ్డ తీసుకుని, సూది మొనతో కొన్ని పోగులు పైకెత్తి, చిన్న బ్లేడుతో కోసి, లాగేస్తారు. ఆ పోగులు పోయిన చోట గుడ్డ జల్లెడలా పలచబడి కొత్త బొమ్మ తేలుతుంది. దాన్ని పెలెటె బిటె అంటారు. మనవాళ్లు పోగు పోగు కలిపి నేసినదాంట్లోంచి వాళ్లు పోగు పోగు తీసి తమది చేసుకున్నారు. ఒక పెద్దావిడ అలా కోస్తుంటే గంటసేపు నిలబడి చూశాను. "ఈ గుడ్డ మా వైపు నేస్తారమ్మా" అంటే ఆవిడ నమ్మలేదు. అది తమ గుడ్డేనని ఆవిడ నమ్మకం. ఆలోచిస్తే ఆవిడ మాటా నిజమే.

కరేబియన్ దీవుల్లో కూడా అంతే. మార్టినిక్, గ్వాడెలూప్, డొమినికా, సెయింట్ లూసియా ఆడవాళ్లు పండగలప్పుడు తలకు చుట్టుకునే గళ్ల గుడ్డ పేరు ఇప్పటికీ మద్రాసే.

---

వేటపాలెం_వాణి | ఆదివారం, ఉదయం 6:50

రాత్రి చదువుతూ పడుకోలేదు. రెండు ప్రశ్నలు. ఎరుపు ఇంకా ఇంత నిగనిగలాడుతోంది, ఆ నూనె వల్లేనా? ఇంకోటి, అమ్మమ్మ ఆసియా రుమాలు అంటుంది ఎందుకు?

---

రసాయనం_మాస్టారు | ఉదయం 7:40

మొదటి ప్రశ్న నాది. ఇంటర్ పిల్లలకు ముప్పై ఏళ్లు కెమిస్ట్రీ చెప్పాను.

పట్టు, ఉన్ని రంగును సులువుగా పట్టుకుంటాయి. పత్తి పట్టుకోదు. ఎరుపు మరీ మొండిది. పటిక వేస్తే కొంత నిలుస్తుంది, కానీ ఉతికిన కొద్దీ వెలుస్తుంది. ఇక్కడే నూనె పని. బూడిద తేటలో క్షారం ఉంటుంది. అది నూనెను విడగొట్టి సబ్బు లాంటి పదార్థంగా మారుస్తుంది. ఎండలో ఆరేసిన ప్రతిసారీ అది పోగు లోపలికి ఇంకుతుంది. పటికలోని అల్యూమినియం ఆ కొవ్వు ఆమ్లాలను పట్టుకుంటుంది, ఎరుపు రంగు అల్యూమినియాన్ని పట్టుకుంటుంది. ఒకరి చేయి ఒకరు పట్టుకున్నట్టు మూడూ గొలుసై పోగులో కూర్చుంటాయి. ఇక ఎక్కడికి పోతుంది? పటిక బదులు ఇనుము పెడితే అదే రంగు నలుపు వైపు తిరుగుతుంది. ఒకే పదార్థంతో ఎరుపూ నలుపూ.

టర్కీ ఎరుపు అని యూరప్‌వాళ్లు అపురూపంగా చూసుకున్న అద్దకంలోనూ ఇదే కిటుకు. అక్కడ ఆలివ్ నూనె, మన దగ్గర ఆముదం, నువ్వులు. 1785లో గ్లాస్గోలో ఆ అద్దకం మొదలయ్యాక స్కాట్లండ్ ఎర్ర గుడ్డలు మన దేశానికే వచ్చి పడ్డాయి.

మన తీరంలో మొదట ఎరుపుకు వాడింది చిరివేరు. ఇసుక నేలల్లో పెరిగే చిన్న మొక్క, వేరులోనే రంగు. నిజాంపట్నం వైపు దొరికే వేరుకు పేరు. 1611లో ఇంగ్లీషు ఓడ అక్కడ ఆగి, ఆ తర్వాతే మచిలీపట్నం వెళ్లింది. వాళ్ల కాగితాల్లో నిజాంపట్నాన్ని పెటపోలి అని రాసుకున్నారు. వాణి గారూ, మీ వేటపాలెం నుంచి అది ఎంత దూరమో మీకు తెలుసు.

1868లో గ్రేబె, లీబర్‌మన్ అనే ఇద్దరు జర్మన్లు ఆ ఎరుపును, అంటే అలిజరిన్‌ను, ప్రయోగశాలలో తయారు చేశారు. అప్పటినుంచి వేర్లు తవ్వే పని పోతూ వచ్చింది. డబ్బాల్లో రంగు వచ్చింది. మీ రుమాలులో ఉన్నది ఈ అలిజరినే అయి ఉంటుంది. నూనె పెట్టడం మాత్రం మారలేదు. అదే నాకు గొప్పగా అనిపిస్తుంది.

---

మస్కట్_మురళి | ఉదయం 9:02

రెండో ప్రశ్న నేను తీసుకుంటా. ఈ రుమాళ్లు ఎక్కువగా వెళ్లింది పర్షియన్ గల్ఫ్ వైపు, ఏడెన్ వైపు, తూర్పు ఆఫ్రికా తీరానికి. అక్కడ తలకు చుట్టుకునే గుడ్డకు ఉన్న విలువ మనకు తెలియదు. ఎండలో తలకు చల్లదనం, ఇసుక గాలి లేస్తే ముక్కుకు అడ్డం, నమాజుకు కింద పరుచుకోవడానికి, సంతకు వెళ్తే మూట. నూనె పట్టిన గుడ్డ తలకు చల్లగా ఉంటుందని, దుమ్ము పట్టదని అడిగి మరీ కొనేవారట. ఆసియా దేశాలకు వెళ్లే సరుకు కాబట్టి వ్యాపారంలో ఆసియా రుమాలు అయిందంటారు.

నేను కన్‌స్ట్రక్షన్ సైటులో సూపర్‌వైజర్ని. మా పనివాళ్లలో కరీంనగర్, కడప, బీహార్, బంగ్లాదేశ్ వాళ్లున్నారు. ఎవరు ఏ దేశమైనా హెల్మెట్ కింద తడి తువ్వాలు ఉంటుంది. జూన్‌లో మధ్యాహ్నం పని ఆపేసినా, ఆ లోపు గుడ్డ లేకుండా గంట నిలబడలేరు. వందేళ్ల కింద మన గుడ్డ ఇక్కడికి వచ్చింది, ఇప్పుడు మన మనుషులు వచ్చారు. ఈ థ్రెడ్ చదివాక సైటులో ఆ తలలు చూస్తే మనసు ఒకలా అయింది.

---

బెజవాడ_స్కూటీ | ఉదయం 10:11

నేను రోజూ స్కూటీ మీద బెంజ్ సర్కిల్ దాటి వెళ్తాను. మేలో స్కార్ఫ్ లేకుండా బండి తీస్తే ముఖం కాలిపోతుంది. నుదుటి మీద నుంచి వెనక్కి, మెడ చుట్టూ, మళ్లీ ముక్కు మీదికి, చివర చెవి పక్కన దోపాలి. ఆఫీసుకు వెళ్లాక అదే చున్నీ, ఏసీ ఎక్కువైతే అదే శాలువా. మురళి గారు చెప్పిన పనులన్నీ నేనూ చేస్తున్నాను, నమాజు తప్ప! అయితే ఒక డౌట్. అసలు స్కార్ఫ్ మనదా, బయటిదా?

---

కృష్ణాతీరం | ఉదయం 11:26

అమ్మా, గుడ్డ ముక్క మెడకు చుట్టుకోవడం ఏ ఒక్క దేశం కనిపెట్టింది కాదు. చైనాలో మొదటి చక్రవర్తి సమాధి దగ్గర దొరికిన మట్టి సైనికులు రెండు వేల ఏళ్ల పైబడినవాళ్లు. వాళ్ల మెడలకు చుట్టిన గుడ్డ మట్టిలోనే మలిచి ఉంది. 17వ శతాబ్దంలో క్రొయేషియా సైనికులు మెడకు కట్టుకున్న గుడ్డ ఫ్రాన్సులో ఫ్యాషనై, వాళ్ల జాతి పేరు మీదే క్రవాట్ అయింది. ఇవాళ్టి టై దానికి వారసురాలు. కౌబాయ్‌లు మెడకు కట్టే బందానా పేరు మన దేశపు బాంధనీ నుంచి వెళ్లిందే, కట్టి రంగేయడం అని.

మన సంగతికి వస్తే అమరావతి శిల్పాలు చూడండి. మగవాళ్లకు కుట్టిన చొక్కా కనిపించదు. నడుముకు బట్ట, తలకు పెద్ద పాగా. మనకు కత్తెర కంటే ముడి ముఖ్యం. ఉత్తరీయం, పైపంచె, అంగవస్త్రం, కండువా, తువ్వాలు, తుండుగుడ్డ... గుడ్డ దాదాపు ఒకటే, ఎక్కడ వేసుకున్నాం, ఎవరు వేసుకున్నారు అన్నదాన్ని బట్టి పేరు మారుతుంది. నెత్తిన బిందె పెట్టుకోవడానికి చుడితే అదే చుట్టకుదురు.

---

నల్లగొండ_నర్సన్న | మధ్యాహ్నం 12:48

ఎవరు వేసుకున్నారు అన్నారు కాబట్టి ఒక మాట రాస్తాను. అందరూ అందం గురించి, వ్యాపారం గురించి రాస్తున్నారు, అది మంచిదే. కానీ మా దిక్కు రుమాలు అంటే తలకు చుట్టేది, దాని కథ వేరు.

మా నాయిన పశువుల కాడి జీతగాడిగా బతుకు మొదలుపెట్టాడు. ఊళ్లో దొర గడి (కోట లాంటి ఇల్లు) ముందు నుంచి పోవాలంటే చెప్పులు విడిచి చేత్తో పట్టుకోవాలి. తల రుమాలు విప్పి చంకలో పెట్టుకోవాలి. భుజం మీద తువ్వాలు ఉంటే తీసి నడుముకు కట్టుకోవాలి. ఎండా వానా లెక్క లేదు. గడి దాటాక మళ్లీ చుట్టుకోవాలి. "రోజుకు నాలుగుసార్లు విప్పేది, నాలుగుసార్లు చుట్టేది" అనేవాడు.

సంఘం వచ్చింది. 1946 నుంచి 51 దాకా జరిగిన తెలంగాణ రైతుల సాయుధ పోరాటం అందరికీ తెలిసిందే. ఆ రోజుల్లో ఒకనాడు నాయిన రుమాలు విప్పకుండానే గడి ముందు నుంచి నడిచాడంట. పెద్ద సంగతేమీ జరగలేదు. అరుగు మీద కూర్చున్నవాళ్లు చూశారు, నాయిన చూడలేదు. అంతే. కానీ ముసలితనంలో మాటలు మరిచిపోయే రోజుల్లో కూడా ఆ ఒక్క నడక మరిచిపోలేదు. "మెడ బిర్రుగ పట్టుకున్న బిడ్డా, నొప్పి లేసింది" అనేవాడు.

ఇప్పుడు పెండ్లిలో, దశదినకర్మలో వియ్యంకులు భుజం మీద తువ్వాలు కప్పుతుంటే అందరూ ఫొటోకు చూస్తారు. నేను మాత్రం ఆ తువ్వాలు మీద చెయ్యి వేసి ఒక్క క్షణం ఆగుతాను.

---

మంగళగిరి_మాధవి | మధ్యాహ్నం 1:05

నర్సన్న గారూ, రెండుసార్లు చదివాను. నమస్కారం.

---

గుంటూరు_గోపి | మధ్యాహ్నం 1:30

కండువా అంటే ఇప్పుడు ఎవరికైనా పార్టీయే గుర్తొస్తుంది. ఫలానా నాయకుడు కండువా కప్పుకున్నాడు అంటే చాలు, పార్టీ మారాడని చిన్నపిల్లాడికైనా అర్థమవుతుంది. రంగు చూసి మనిషిని చెప్పేస్తున్నాం. నేత కండువాకు పత్తి పోగు ఉంటుంది, చెమట పీల్చుకుంటుంది. ఈ పార్టీ కండువాలు చాలావరకు సింథటిక్ గుడ్డ, మెడకు గుచ్చుకుంటుంది, సభ అయ్యాక రోడ్డు పక్కన కుప్పలు. ఆ ఆర్డర్లు మన మగ్గాలకు వస్తే ఎన్ని ఇళ్లు నిలబడతాయో అనిపిస్తుంది.

---

నిర్వాహకులు | మధ్యాహ్నం 1:44

గోపి గారి మాట బాగుంది. దయచేసి ఇక్కడితో ఆపి, ఏ పార్టీ ఏ రంగు అన్న చర్చలోకి వెళ్లకండి. రుమాలు దగ్గరికే వద్దాం.

---

చెన్నపట్నం_చంద్ర | మధ్యాహ్నం 3:20

మరి తేలియా చీరాలలో పుట్టి పుట్టపాకలో ఎలా నిలిచింది?

---

పుట్టపాక_పోగు | సాయంత్రం 4:15

పని నేర్చినవాళ్లు, బంధుత్వాలు, రెండు వైపులా ఉన్న పద్మశాలీ ఇళ్లు, వీటి మీదుగా నడిచొచ్చింది. పోచంపల్లికి ఇక్కత్ వచ్చింది కూడా చీరాల వైపు నుంచే. బయటి దేశాలకు రుమాళ్లు పోవడం తగ్గాక నలుచదరపు గుడ్డకు కొనేవాడు లేడు. అదే లెక్కను, అదే బొమ్మలను చీరకు, దుపట్టాకు పొడిగించారు. మా ఊరి గజం గోవర్ధన గారికి 2011లో, గజం అంజయ్య గారికి 2013లో పద్మశ్రీ వచ్చింది. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. మార్కెట్లో మిల్లు గుడ్డ మీద ఇదే బొమ్మ ప్రింటు కొట్టి తేలియా అని అమ్ముతున్నారు. కొనేవాళ్లు ఒక్క పని చేయండి, తిరగేసి చూడండి. వెనక వెలిసినట్టుంటే అది ప్రింటు. వాణి అక్క మొదట్లోనే చేసిన పని అది.

---

వేటపాలెం_వాణి | రాత్రి 8:37

మీరు రాసినవన్నీ అమ్మమ్మకు చదివి వినిపించాను. నర్సన్న గారి నాన్నగారి సంగతి దగ్గర "ఇంకోసారి చదువు" అంది. ఆ తర్వాత తనే మొదలుపెట్టింది.

తాతయ్య ఇవి నేసేవాడే గానీ తలకు ఎప్పుడూ చుట్టుకోలేదట. అమ్ముడుపోయే సరుకును వాడుకునే స్తోమత లేదు. ఈ ఒక్కటీ షావుకారు వెనక్కి పంపాడట, తప్పుందని. దానికి కూలి కూడా పట్టుకున్నాడు. తాతయ్య రెండు రోజులు అన్నం సరిగా తినలేదట. ఆ వారమే అమ్మ పుట్టింది. ఇంట్లో మెత్తటి గుడ్డ ఇంకేదీ లేక, నూనె పట్టిన నూలు పసిపిల్ల ఒంటికి గీసుకోదని, ఇందులోనే చుట్టారు. అమ్మ ఈ మాట ఇవాళే మొదటిసారి విన్నది. పొద్దుటి నుంచి ఉతకమన్న మనిషి, ఇప్పుడు ఒళ్లో పెట్టుకు కూర్చుంది.

పోగు తమ్ముడూ, ఆ తప్పేమిటో వెతికాను. కుడి వైపు కింది గడియారంలో చిన్న ముల్లు మధ్యలో విరిగినట్టుంది. ఒక చోట సన్నటి తెల్ల గీత కొద్దిగా ఎడమకు జరిగింది. దాని పైన ఉన్న గళ్లలో అలా లేదు. ఫొటో పెడుతున్నాను. ఏం జరిగి ఉంటుంది?

---

పుట్టపాక_పోగు | రాత్రి 9:03

ఫొటో పెద్దది చేసి చూశానక్కా. చిటికీ తప్పు కాదు, కట్టినవాళ్లు సరిగ్గానే కట్టారు. పడుగు జారి ఉంటే నిలువునా పై గళ్లలో కూడా కనిపించేది. ఇది పేక. నాడె (పేక పోగును అటూ ఇటూ తీసుకెళ్లేది) విసిరాక ప్రతి పోగునూ అంచు దగ్గర వేలితో లాగి బొమ్మ మీదికి సర్దుకోవాలి. అక్కడ రెండు పోగులు సర్దకుండా పలక (పోగును బిగించే చట్రం) కొట్టేశారు. తల తిప్పినా, ఎవరైనా పిలిచినా అలా అవుతుంది. నాకూ అయింది.

ఉతక్కండి. నేరుగా ఎండ తగలనీయకండి. ఉతికిన తెల్లటి నూలు గుడ్డలో చుట్టి, రెండు మూడు నెలలకోసారి మడతలు మార్చండి. కలరా ఉండలు గుడ్డకు తగలకుండా చూడండి, ఎండు వేపాకు మేలు.

ఒక కోరిక. ఆ గడియారాన్ని సరిగ్గా పైనుంచి, నీడ పడకుండా ఇంకో ఫొటో తీసి పెట్టండి. పోగులు లెక్క పెట్టుకుని గ్రాఫు కాగితం మీద ఎక్కిస్తాను. మా మగ్గం మీద ఈ బొమ్మ ఎవరూ నేయలేదు. ముల్లు సర్దాలా, మీ తాతగారు నేసినట్టే ఉంచాలా, అమ్మమ్మను అడిగి చెప్పండి.

---

వేటపాలెం_వాణి | రాత్రి 9:21

అడిగాను. అలాగే ఉంచమంది.